వాగు మలుపులో మొండికేసిన స్టీరింగు

కిందటి వారం మనం రత్నమ్మను ఎక్కడ వదిలేశాం? జహీరాబాద్ దాటాక ఝరాసంగం పోయే రోడ్డు మీద, విరూపాక్ష మెకానిక్ షెడ్డు ముందు, చేతులు కట్టుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చేశాం. అల్లం రైతుల సంఘానికి పికప్ తోలే రత్నమ్మ, వాగు మలుపు దగ్గర స్టీరింగు తిప్పితే తిరగక, బండిని తీసుకెళ్లి కల్వర్టు గోడకు గుద్దింది. ఆమెకు దెబ్బ తగల్లేదు కానీ ముప్పై బస్తాల అల్లం రోడ్డంతా దొర్లింది. అంతటితో అయితే ఊరు ఊరుకునేదే. ఎవడో పుణ్యాత్ముడు అల్లం ఏరడానికి చెయ్యి పెట్టకుండా ఫోన్ పెట్టి వీడియో తీశాడు. సాయంత్రానికల్లా అది రాయికోడ్ దాకా పాకింది. "ఆడోళ్లు బండి తోల్తే గిట్లనే ఉంటది" అని దాని కింద రాయనివాడు పాపాత్ముడు! సంఘం చైర్మన్ జగన్‌మోహన్ మీటింగు పెట్టి తేల్చేశాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల్లోపు బండిలోనే దోషం ఉందని మెకానిక్ చూపించాలి. చూపించలేకపోతే శనివారం నుంచి ఆ సీట్లో ఇంకో డ్రైవర్ కూర్చుంటాడు.

ఇవాళే శుక్రవారం. టైము పన్నెండు దాటింది.

జగన్‌మోహన్ పికప్ ఎక్కి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటి స్టీరింగుకు ఆనించి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఆ దిక్కుమాలిన స్టీరింగు ఎంత బుద్ధిగా తిరిగిందంటే, ఉయ్యాలలో పసిపాప కూడా అంత మెత్తగా ఊగదు.

"చూసిన్రా?" అన్నాడు ఆటోలో తన వెంట వచ్చిన సంఘం మనుషులతో. "ఒక్క ఏలుతోని తిరుగుతున్నది. రత్నమ్మా, గిదేనా నువ్వు చెప్పిన బండరాయి?"

"గప్పుడు తిరగలే సాబ్. రెండు చేతులేసి గుంజిన. సీట్ల కెల్లి లేసి మరీ గుంజిన."

"మరి ఇప్పుడెట్ల తిరుగుతున్నది?"

అసలు బాధంతా అదే. గుద్దిన అరగంటకు సెల్ఫ్ కొట్టి చూసినా మెత్తగా తిరిగింది. టౌన్లో ఒక మెకానిక్ బెల్టు మార్చి, నూనె చూసి, "బండికేం రోగం లేదమ్మా" అని పంపేశాడు. నాలుగు రోజులుగా ఆమెకే తన మీద అనుమానం మొదలైంది. నిజంగా తిప్పానా? భయంతో చేతులు బిగుసుకుపోయి, తిప్పాననుకున్నానా? ఆరేళ్లుగా ఈ రోడ్ల మీద ఒక కోడిని కూడా తొక్కని మనిషి, తన చేతుల వంకే అనుమానంగా చూసుకుంటోంది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

పక్కన పాత టైరు మీద ఆమె మామ చెన్నబసప్ప కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, నుదుటి మీద మూడు విభూతి రేఖలు. కోడలు డ్రైవింగ్ నేర్చుకుంటానంటే ఊరంతా నవ్వినప్పుడు, "నేర్చుకోనీ, మీ బండి అడుగుతున్నదా?" అని కర్ర తాటించింది ఈయనే. ఇవాళ పొద్దున్నుంచీ కోడలికంటే ఎక్కువ కంగారు పడుతున్నాడు.

బండి కింద నుంచి విరూపాక్ష బయటికి వచ్చాడు. పొట్టి మనిషి, బీదర్ వైపు వాడు, హుషారెక్కితే కన్నడం తన్నుకొస్తుంది.

"చైర్మన్ సాబ్, జర దిగున్రి. చెల్లె, నాకొక్క ముచ్చట చెప్పు. గుద్దేముందు ఎంత దూరం ఆపకుంట తోలినవ్?"

"రాయికోడ్ సంది వాగు దాకా అన్నా. ఎక్కడ ఆపలే."

"అంతకుముందు ఎప్పుడన్న గట్టిగైందా?"

"రెండు మూడు సార్లైంది. దూరం పోయినంకనే. దిగి, చాయ్ తాగి, మల్ల ఎక్కితే మంచిగుంటుండె. గందుకే నేను గూడ ఫికర్ చెయ్యలే."

విరూపాక్ష కళ్లు మెరిశాయి. "ఆపితే నయమయ్యే రోగం! నడిస్తే వస్తది, కూసుంటే పోతది. చైర్మన్ సాబ్, రోగం లేనప్పుడు చూసి రోగి అబద్ధమాడుతున్నడంటే ఎట్ల?"

ఇక చూడాలి అతని హడావుడి! టైర్లలో గాలి చూశాడు, సరిగ్గా ఉంది. కొత్త బెల్టును బొటనవేలితో నొక్కాడు, బిగువుగా ఉంది. ముందు చక్రాలను జాకీ మీద లేపి, ఇంజిన్ ఆపి, స్టీరింగు చేత్తో తిప్పాడు. ఎక్కడా పట్టెయ్యకుండా ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగింది. "కీళ్లు మంచిగున్నయ్" అని మళ్లీ చక్రాలు నేలకు దించాడు. "ఇగ ఎక్కు చెల్లె. ఇంజిన్ బంద్ చెయ్యకు. నేను ఆపమనేదాక తిప్పుకుంటనే ఉండు. కొసకు పోయినంక పట్టుకోని నిలవడకు, ఎనక్కి రా."

రత్నమ్మ ఎక్కింది. ఎడమకు, కుడికి. ఎడమకు, కుడికి. పావుగంట, అరగంట. స్టీరింగు వెన్నలా తిరుగుతూనే ఉంది. సంఘం మనుషులు ఆవలిస్తున్నారు. ఒకాయన పక్క తోపుడు బండి దగ్గర మిర్చి బజ్జీలు తెచ్చుకుని తింటున్నాడు. జగన్‌మోహన్ వాచీ చూసుకోవడం, దగ్గడం, మళ్లీ వాచీ చూసుకోవడం. రత్నమ్మకు లోపల ఒక్కటే మొర. ఒక్కసారి మొండికెయ్యి తల్లీ, ఒక్కసారి! బాగుండమని ఇన్నాళ్లూ మొక్కిన బండినే ఇవాళ చెడిపొమ్మని మొక్కుతోంది.

నలభై నిమిషాలయింది. బానెట్ లోంచి సన్నగా దోమ పాడినట్టు చప్పుడు. విరూపాక్ష చెవి నిక్కించాడు. దోమ కాస్తా తుమ్మెద అయింది. చూస్తుండగానే ఆ చప్పుడు తల్లి కోసం అరిచే దూడ గొంతులా పెద్దదైంది.

"నోడ్రి! నోడ్రి! చూడున్రి!" అని గంతేశాడు విరూపాక్ష. "గిప్పుడు తిప్పు చెల్లె!"

రత్నమ్మ తిప్పింది. స్టీరింగు తిరగలేదు.

"తిరుగుతలేదు!" అని కేక పెట్టింది. "అన్నా, తిరుగుతలేదు! మామా, చూడు, తిరుగుతలేదు!"

బండి మొరాయిస్తే కిలకిలా నవ్వే డ్రైవర్‌ను మీరెక్కడైనా చూశారా? ఆమె నవ్వుతూ దూకింది. "రాన్రి సాబ్, మీరెక్కున్రి. ఒక్క ఏలుతోని తిప్పున్రి!"

జగన్‌మోహన్ ఎక్కాడు. వేలు పెట్టాడు, చెయ్యి పెట్టాడు, రెండు చేతులూ వేశాడు. మెడ నరాలు ఉబ్బాయి, ముఖం కందగడ్డ అయింది. స్టీరింగు బెత్తెడు కదిలి ఆగిపోయింది. బజ్జీ తింటున్నాయన నోరు తెరిచినవాడు మూయడం మరిచిపోయాడు.

అయినా జగన్‌మోహన్ అంత తేలిగ్గా లొంగే రకమా? చెమట తుడుచుకుంటూ దిగి, "నూనె తక్కువయ్యుంటది" అన్నాడు. "గది చూసుకోవాల్సింది డ్రైవరే గద. తప్పు మల్ల నీ దగ్గరికే వస్తది."

"నూనె నేను దినాం చూస్త!" రత్నమ్మ గొంతు పెరిగింది.

విరూపాక్ష స్టీరింగు నూనె డబ్బా మూత తీశాడు. నూనె గీతదాకా నిండుగానే ఉంది, కానీ చిలికిన మజ్జిగలా నురగలు కక్కుతోంది.

"నూనె నిండుగుంది సాబ్. పంపుకు అందుతలేదు. అందక గాలి గుంజుతున్నది, గా ఒర్లుడు గదే. చెంబు నిండ నీళ్లుండి, మూతికి గుడ్డ కడితే తాగొస్తదా? ఇంజిన్ బంద్ చెయ్ చెల్లె. గుడ్డ ఏడుందో చూద్దాం."

పైపులు ఊడదీసి నూనె పళ్లెంలోకి వంచాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె, గిన్నెలు తోమిన నీళ్లలా నల్లగా దిగింది. డబ్బాను విప్పి, ఎండకు పెట్టి లోపలికి చూశాడు. అడుగున, నూనె పంపులోకి పోయే దారికి అడ్డంగా జల్లెడలాంటి సన్నటి జాలీ ఉంటుంది. దాని చుట్టూ బూడిదరంగు బురద. రెండు వేళ్లతో తీసి నలిపాడు. అయస్కాంతం దగ్గర పెట్టాడు. అంటుకోలేదు.

"ఇనుప రజను కాదు. పైపు రబ్బరు గూడ కాదు. బండి నడుస్తున్నంతసేపు గిది లేసి జాలీకి పట్టుకుంటది, నూనెకు తొవ్వ బంద్. ఇంజిన్ ఆపంగనే జారి అడుగుకు పోతది, బండి మల్ల మంచిగ! గందుకే ఎవ్వరికి దొరకలే." విరూపాక్ష గొంతు తగ్గింది. "కానీ గిది బండిల పుట్టింది కాదు. మూత తీసి ఎవరో ఏసిన్రు."

అందరి చూపులూ ఒక్కొక్కటే జగన్‌మోహన్ మీదికి మళ్లాయి. ఎందుకు మళ్లవు? శనివారం నుంచి ఆ సీట్లో కూర్చోబోయేది ఆయన మేనల్లుడు రితేషేనని ఊరందరికీ తెలుసు కదా!

రత్నమ్మకు ఒళ్లంతా నిప్పంటుకుంది. నాలుగు రోజుల అవమానం, ఆ వీడియో కింద రాతలు, అన్నీ గొంతులోకి వచ్చాయి. "చైర్మన్ సాబ్, ఒక్కటడుగుత..." అని రెండడుగులు ముందుకు వేసింది.

అప్పుడు మామ కనిపించాడు. టైరు మీద నుంచి లేచి నిలబడ్డాడు. విభూతి దాచుకునే నడుము సంచిని పిడికిట్లో పట్టుకుని, ఆ బూడిద బురద వంక చూస్తున్నాడు.

ఆమెకు గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఒకరోజు బానెట్ ఎత్తి ముసలాయనకు ముచ్చటగా చూపించింది తనే. "గీ డబ్బలున్న నూనెతోనే మామా, స్టీరింగు నా మాట ఇంటది" అని.

ఇప్పుడేం చెయ్యాలి? నోరు మూసుకుంటే చాలు, దోషం జగన్‌మోహన్ నెత్తిన పడుతుంది, తన సీటు తనకు దక్కుతుంది. నోరు తెరిస్తే, తనను ఇంతదాన్ని చేసిన ముసలాయన నలుగురిలో నవ్వులపాలవుతాడు. మీరైతే ఏం చేసేవారో నిజంగా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. రత్నమ్మ మాత్రం నిలువునా ఆగిపోయింది.

"నా దిక్కు చూస్తరేంది అందరు?" జగన్‌మోహన్ అరుస్తున్నాడు. "నేనెందుకేస్త? నాకేం పని?"

"ఆయనను అనకున్రి," అన్నాడు చెన్నబసప్ప. "ఏసింది నేను."

ముసలాయన నడుము సంచి విప్పి, లోపలి విభూతి చూపించాడు.

"దసరాకు బండి పూజ చేసిన గద. విభూతి పైన పెడితే వానకు పోతదనుకున్న. లోపట ఏస్తే ఎప్పటికుంటది. గందుకే మూత తీసి ఏసిన. గప్పటి సంది ప్రతి సోమవారం ఒక చిటికెడు. కోడలు ఒక్కతే రోడ్ల మీద తిరుగుతది. చక్రం ఆమె మాట ఇనాలె, ఇంటికి సుకంగ తీస్కరావాలె అని..."

రత్నమ్మకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "నేను వాగుల పడుంటే మామా? నాకొక్క మాట చెప్పొద్దా?"

"నవ్వుతవనుకున్న బిడ్డా."

ఆ మాటకు ఆమెకు నిజంగానే నవ్వొచ్చింది, కళ్లనీళ్లతోనే. ముసలాయన చెయ్యి పట్టుకుని మళ్లీ టైరు మీద కూర్చోబెట్టింది. తిట్టాల్సినవి చాలా ఉన్నాయి, ఇంటికి పోయాక తిట్టుకోవచ్చు. జగన్‌మోహన్ మీద అరవబోయిన మాట గుర్తొచ్చి సిగ్గేసింది కూడా. సాబ్ వంక చూడకుండానే, "విరూపాక్షన్నా, బండి బాగైతదా?" అంది.

"ఎందుకు కాదు? షురూ చేద్దాం!"

ఆ తర్వాత గంటన్నర షెడ్డులో పండగే. పాత డబ్బా తీసి పారేసి, జాలీతో సహా కొత్తది బిగించాడు విరూపాక్ష. చక్రాలు మళ్లీ జాకీ మీదికి లేచాయి. వెనక్కి తిరిగొచ్చే పైపును డబ్బాలో పెట్టకుండా బకెట్లో పెట్టాడు. పైన కొత్త నూనె పోస్తుంటే, రత్నమ్మ స్టీరింగు తిప్పుతుంటే, లోపలి మురికంతా బకెట్లోకి కక్కింది. ముందు నల్లగా, తర్వాత మట్టిరంగుగా, ఆ తర్వాత చాయ్ రంగుగా. చివరికి పోసిన ఎర్రనూనె ఎర్రగానే బయటికొచ్చేసరికి సంఘం మనుషులు కూడా "అగో, సాఫయింది!" అని చప్పట్లు కొట్టారు. పైపు డబ్బాకు తగిలించి, ఇంజిన్ ఆపి ఉంచే ఇరవైసార్లు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించాడు. నూనెలో చిక్కిన గాలి బుడగలు బుడగలుగా పైకొచ్చింది. అప్పుడు చక్రాలు కిందికి దించి, ఇంజిన్ స్టార్ట్ చేయించాడు.

దోమ లేదు, దూడ లేదు. స్టీరింగు నిశ్శబ్దంగా తిరిగింది. రత్నమ్మ బండిని రోడ్డెక్కించి అరగంట ఎక్కడా ఆపకుండా తిప్పి తెచ్చింది. షెడ్డు ముందే గుండ్రంగా ఒక చుట్టు చుట్టి, అబ్బో, ఏం బ్రేకు వేసిందని!

జగన్‌మోహన్ గొంతు సవరించుకున్నాడు. "సరే. బండి దోషమే. నీ చేతులది కాదు. రేపు మొగుడంపల్లికి అల్లం ఎత్తేది నువ్వే." ఇష్టంగా అన్నాడా కష్టంగా అన్నాడా అనవసరం, అందరి ముందూ అన్నాడు. రత్నమ్మకు ఎగిరి గంతేయాలనిపించింది. నాలుగు రోజుల తర్వాత తన చేతుల్ని మళ్లీ తనవిగా చూసుకుంది.

విరూపాక్ష చేతులు తుడుచుకుంటూ ముసలాయన దగ్గరికి వచ్చి నవ్వాడు. "పెద్దాయనా, నీ కోడలి అదృష్టం. చిటికెడు చిటికెడు ఏసినవ్ కాబట్టి నాలుగు నెలలు ఆగింది, పంపు బతికింది. ఒక్కసారే ఇంత పిడికెడు ఏసుంటే సాయంత్రానికే పట్టేస్తుండె."

చెన్నబసప్ప నవ్వలేదు, కోడలి వైపు తిరిగాడు.

"బిడ్డా," అన్నాడు. "పొద్దుగాల సంగయ్య ఇంటికొచ్చిండు."

"ఏ సంగయ్య మామా?"

"ఇస్కూల్ వ్యాను తోలేటోడు. నీ బండి గుద్దింది చూసి భయపడ్డడట. మన ఊరి పిల్లలందరు నా బండిలనే వస్తరు పెద్దాయనా, నా బండికి గూడ జర విభూతి పెట్టు అన్నడు. మూత నేనే తీయించిన."

"ఎంత ఏసినవ్?" విరూపాక్ష గొంతు మారిపోయింది.

ముసలాయన చెయ్యి చాపి, గుప్పిట మూసి చూపించాడు. "పిల్లలుంటరు గదా అని... పిడికెడు."

టైము మూడూ నలభై. మూడింటికి బడి వదులుతారు. జహీరాబాద్‌లో పిల్లల్ని ఎక్కించుకున్న వ్యాను, ఇదే రోడ్డు మీద, నాలుగైదు నిమిషాల కింద, వీళ్ల షెడ్డు ముందు నుంచే హారన్ కొట్టుకుంటూ పోయింది. అందరూ చూశారు. బజ్జీల ఆయన చెయ్యి కూడా ఊపాడు.

జగన్‌మోహన్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఆయన మనవరాలు స్నేహ రెండో తరగతి, ఆ వ్యానులోనే వస్తుంది.

"సంగయ్యా! బండి ఆపు! ఉన్నకాడ్నే ఆపు!"

ఫోన్లోంచి పిల్లల అల్లరి, దాని వెనకాల సన్నగా ఒక చప్పుడు. దోమ పాడినట్టు. విరూపాక్ష కళ్లు మూసుకున్నాడు.

"ఏంది సాబ్? ఇనస్తలేదు. స్టీరింగు జర గట్టిగైతున్నది, వాగు దాటినంక చూస్త..." లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే మోగింది, ఎత్తలేదు.

రత్నమ్మ అప్పటికే సీట్లో ఉంది. జగన్‌మోహన్ పరుగెత్తుకొచ్చి పక్క తలుపు తీసుకుని ఎక్కాడు. "నువ్వే తోలు తల్లీ," అన్నాడు. "నీ కాళ్లు మొక్కుత, జల్ది తోలు."

పికప్ రోడ్డెక్కింది. చెరుకు ట్రాక్టర్‌ను కుడి పక్క నుంచి, ఎద్దుల బండిని ఎడమ పక్క నుంచి దాటించింది. స్టీరింగు ఎట్లా అనుకుంటే అట్లా తిరుగుతోంది. పక్కన జగన్‌మోహన్ కిటికీలోంచి సగం బయటికి వంగి "సంగయ్యా! సంగయ్యా!" అని అరుస్తున్నాడు. దిగుడు మొదలైంది. దిగుడు చివర వాగు, వాగు ముందు ఎడమకు మలుపు, మలుపులో కల్వర్టు గోడ. ఆమె గుద్దిన చోట ఆ గోడ ఇప్పుడు లేదు. నాలుగు రోజులుగా అక్కడ రెండు ముళ్లకంపలు అడ్డం పెట్టి వదిలేశారు.

పసుపుపచ్చ వ్యాను కనిపించింది. వెనక అద్దంలోంచి పిల్లలు పికప్‌ను గుర్తుపట్టి చేతులూపుతున్నారు. రత్నమ్మ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

వ్యాను ఎడమ ఇండికేటర్ వెలిగింది. ఆరింది. వెలిగింది.

వ్యాను మాత్రం తిరగలేదు. తిన్నగా, ముళ్లకంపల వైపు పోతూనే ఉంది.